అత్తరు లేని ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఇంట్లో వాసన అన్నది లేకుండా పోయింది. ఒంటి సబ్బుకి వాసన ఉండకూడదు, బట్టల సబ్బుకి ఉండకూడదు, పౌడరు మానెయ్యాలి, తలనూనె మార్చెయ్యాలి. దుబాయి దగ్గర అజ్మాన్‌లో మా ఫ్లాటు తలుపు తీస్తే పక్కవాళ్ళ బిర్యానీ ఘుమఘుమ, కారిడార్లో ఫినాయిలు కంపు వచ్చేవే తప్ప, మా ఇంటిది అంటూ ఒక్క వాసన ఉండేది కాదు. అత్తరు అమ్ముకుని బతికే మనిషి ఇల్లు అదంటే ఎవరైనా నవ్విపోతారు.

మా ఆయన ప్రేమరాజు షార్జా రోలా బజారులో ఒక అత్తరు దుకాణంలో కౌంటరు మీద ఉండేవారు. వచ్చినవాళ్ళ నడక చూసి ఏ అత్తరు నప్పుతుందో చెప్పేస్తారని ఆయనకి పేరు. పెద్ద పెద్ద అరబ్బీ ఆడవాళ్ళు కూడా 'రాజు ఎక్కడ' అని అడిగి మరీ ఆయన ముందు చెయ్యి చాపేవారు. చొక్కా ఇస్త్రీ లేకుండా చెత్త పడెయ్యడానికి కూడా కిందికి దిగని మనిషి. నరసాపురంలో మా అత్తగారి పెంపకం అలాంటిది. చర్చికి వెళ్ళినా, బజారుకి వెళ్ళినా, డాక్టరు దగ్గరికి వెళ్ళినా కొడుకు కడిగిన ముత్యంలా ఉండాలి ఆవిడకి.

నేను షార్జాలో ఒక కంటి క్లినిక్కులో నర్సుని. పేరు దయారాణి. పేరులో ఉన్న దయ ఆ ఎండాకాలంలో చాలావరకు ఖర్చయిపోయింది.

మా ఆయన ఒంటి మీద మచ్చ అంతకుముందు ఏడాదే మొదలైంది. కోవిడ్ గొడవ సద్దుమణిగి అందరం ఊపిరి పీల్చుకున్న రోజులు. నడుం మీద, బెల్టు కట్టే చోట లేత ఎరుపుగా, ఉల్లిపొరలా ముడతలు పడి కనిపించింది. బెల్టు రాపిడి అనుకున్నాం. ఆ తరవాత తొడ మీద ఒకటి, పిరుదు మీద ఒకటి, భుజం లోపలివైపు ఒకటి వచ్చాయి. నొప్పి లేదు. కొంచెం దురద, కొంచెం పొట్టు. మొదటి డాక్టరు తామర అన్నాడు. రెండో ఆయన ఎండవేడి అన్నాడు. ఎండ కన్నెత్తి చూడని చోట ఎండవేడేమిటండీ అని అడిగితే, "సిస్టర్, మీరు కంటి డిపార్ట్‌మెంటు కదా" అని నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ అరగలేదు.

మూడో ఆయన పెద్ద హాస్పిటల్లో పెద్ద డాక్టరు. మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. ప్రత్యేకంగా ఏమీ లేదని వచ్చింది. అప్పుడాయన కళ్ళజోడు తీసి మా ఆయన్ని ఏం పని చేస్తావని అడిగాడు.

"అత్తరు షాపు సార్."

అంతే, ఆయన మొహం వెలిగిపోయింది. రోగం దొరికిపోయింది. అత్తరు ఎలర్జీ.

"డాక్టర్ గారూ, అత్తరు పూసుకునేది మణికట్టుకి, చెవి వెనకాల. అక్కడ ఒక్క మచ్చ లేదు. ఉన్నవన్నీ బట్టల కిందే ఉన్నాయి" అన్నాను.

"గాలిలో కూడా ఉంటుంది సిస్టర్."

గాలి ప్యాంటులోకి దూరి బెల్టు కింద చాప వేసుకుని కూర్చుంటుందా అని నోటిదాకా వచ్చింది. మా ఆయన మోకాలితో నా మోకాలిని తట్టారు. పెద్దవాళ్ళతో వాదించకూడదని ఆయన సిద్ధాంతం. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, నర్సు పెళ్ళాం మాట అంతకంటే పనికిరాదు. ఇంటికొచ్చాక అదే మాట ఎన్నిసార్లు చెప్పినా, "అంత చదువుకున్నాయన ఊరికే అంటాడేంటే?" అనేవారు. సాయంత్రానికల్లా ఇంట్లో ఉన్న సబ్బులూ పౌడర్లూ ఒక సంచిలోకి వెళ్ళిపోయాయి. ఆయన సొంతానికి ఉంచుకున్న చిన్న గులాబీ అత్తరు సీసాని మాత్రం నేను పాత చున్నీలో చుట్టి బీరువా పైన పెట్టాను. దాన్ని పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

మా ఆయన అంతటితో ఆగలేదు. నిజాయితీ ఎక్కువ కదా, మర్నాడే వెళ్ళి ఆ సంగతి ముదీర్‌కి చెప్పేశారు. ముదీర్ అంటే వాళ్ళ షాపు మేనేజరు. ఆయన సానుభూతిగా తలూపి, మా ఆయన్ని కౌంటరు మీంచి తీసి గోడౌన్లో వేశాడు. సీలు వేసిన పెట్టెలు ఎక్కించడం, దించడం అక్కడి పని.

ఈస్టరు వెళ్ళిన వారం దేవేందర్ మా ఇంటికి వచ్చాడు. జగిత్యాల వాడు, అదే షాపులో మా ఆయనతో పాటు పనిచేసేవాడు. కౌంటరు సొరుగులో మా ఆయన వదిలేసిన దువ్వెన, పేరున్న బ్యాడ్జి, వాసన చూపించే కాగితం ముక్కల కట్ట ఒక కవర్లో పెట్టి తెచ్చాడు.

"ముదీర్ చెడ్డోడు కాదు వదినా. గిరాకీలు భయపడ్తరని ఆయన బాధ. గీడ అత్తరు అమ్మెటోనికే అత్తరు పడ్తలేదంటే దుకాణం పరువు ఏం గావాలె అంటుండు."

"ఎలర్జీ కాదని ఇంకో డాక్టరు చెప్తే?"

"చెప్పనియ్యి వదినా. అన్న మల్ల కౌంటర్ మీదికొస్తే నాకంటే ఖుష్ అయ్యెటోడు ఎవడుంటడు? గిరాకీలు నన్ను సూసి 'రాజు ఏడి' అని ఎనక్కి పోతుండ్రు."

మా ఆయన ఆ కవరు పుచ్చుకుని లోపలికి వెళ్ళిపోయారు. మా అమ్మాయి ఎలీనా నా దగ్గరికొచ్చి, "అమ్మా, నాన్న దగ్గర నాన్న వాసన రావట్లేదు" అంది. దానికి పదకొండేళ్ళు. హోంవర్కు చేసుకోమని కసిరాను.

నాకు కావలసింది ఒక్కటే. ఆ మచ్చకి సరైన పేరు పెట్టేవాళ్ళు. పేరు లేని రోగానికి మందుండదు. డాక్టర్ అనమ్ గురించి మా క్లినిక్కులో ఎవరో చెప్పారు. పాకిస్తాన్ ఆవిడ, చర్మంలో వచ్చే అరుదైన రోగాలు చూస్తుందన్నారు. వెళ్ళాం. ఆవిడ మా ఆయన్ని దీపం పక్కన నిలబెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేలా తిప్పి, ఒక్కో మచ్చనీ వేలితో సాగదీసి చూసింది. తొందరపడలేదు. అంతసేపు ఆ మచ్చల వంక చూసిన డాక్టరు అప్పటివరకు మాకు తగల్లేదు.

"కోయీ దవా లగాతే హై?" అని అడిగింది, ఏమైనా మందు రాస్తున్నారా అని.

"నహీ మేడమ్" అన్నారు మా ఆయన.

ఆయన బట్టలు వేసుకుంటుండగా ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. చర్మంలోనే పుట్టే ఒక అరుదైన కాన్సరు ఉందట. మొదట్లో మామూలు గజ్జిలా, తామరలా వేషం కట్టుకుని వస్తుందట. ఏళ్ళ తరబడి అలాగే మోసం చేస్తుందట. "అనుమానం మాత్రమే సిస్టర్. అనుమానంతో నేను మందివ్వను, రుజువు కావాలి" అంది. ముందే పట్టుకుంటే భయం లేదు, వదిలేస్తే గడ్డలు కడుతుంది అని కూడా చెప్పింది. ఇంటికి వస్తూ బస్సులో మా ఆయన కిటికీ పక్కన కూర్చుని, ఎవరో పూసుకున్న అత్తరు ఏదో నాకు చెప్తూ కూర్చున్నారు. నేను ఆయన నడుం వంకే చూస్తూ వచ్చాను.

రెండోసారి ముక్క తీశారు. మళ్ళీ ఏమీ తేలలేదు. డాక్టర్ అనమ్‌కి కూడా చిరాకొచ్చింది. "మంట మీద ఎవరో నీళ్ళు చల్లి, బూడిద తెచ్చి నాకు చూపించినట్టుంది. మూడోసారి తీద్దాం" అంది. ఇక మా ఆయన ఎదురుతిరిగారు. ఒళ్ళంతా జల్లెడ చేయిస్తావా అని నా మీద ఎగిరారు. అత్తరు ఎలర్జీ అని ఒప్పుకుంటే ఇంతటితో పోతుంది కదా అన్నారు. ఒప్పుకుంటే రోగం పోతుందా అని నేనూ అరిచాను. నా వేదన చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. చివరికి ఎలీనా మీద ఒట్టు పెట్టించి మూడో అపాయింట్‌మెంటుకి ఒప్పించాను.

ఆ రోజు నాతో పనిచేసే ఆవిడతో డ్యూటీ మార్చుకుని, ఆయన్ని దగ్గరుండి తీసుకెళ్దామని మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. బాత్రూం తలుపు ఓరగా తీసి ఉంది. మా ఆయన అద్దం ముందు ఒక కాలు ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టుకుని, తొడ మీద తెల్లటి క్రీము రాసుకుంటున్నారు. వేలి చివరతో, ఒద్దికగా, గిరాకీ చేతికి అత్తరు పూసినట్టు. తలుపు కొక్కేనికి ఇస్త్రీ చొక్కా వేలాడుతోంది.

"ఏంటండీ అది?"

"ఏం లేదే. బయల్దేరుతున్నాను."

"చేతిలో ఏంటని అడుగుతున్నాను."

"అమ్మ పంపిన ట్యూబు. నాలుగు రోజులు రాస్తే ఎరుపంతా అణిగిపోద్ది, పొట్టు కూడా రాలదు. ఆవిడ చేత్తో ముట్టుకోవాలి కదా. అందులోనూ ఆడమనిషి. అలా అసయ్యంగా పెట్టుకుని ఎలా చూపించమంటావ్?"

ఊళ్ళో మందుల షాపువాడు అన్నిటికీ ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబు అది. తామరకీ అదే, చెమటకాయలకీ అదే. ఊరి నుంచి ఎవరొచ్చినా మా అత్తగారు ఆవకాయ సీసాల మధ్య రెండు ట్యూబులు దోపి పంపుతారు. నా కంటబడ్డవన్నీ నేను చెత్తబుట్టలో వేశాను. కంటబడనివి ఆయన గడ్డం గీసుకునే సంచిలో, దువ్వెన పక్కన ఉన్నాయన్నమాట.

"పోయినసారి వెళ్ళినప్పుడు కూడా రాశారా?"

"ప్రతిసారీ రాస్తాను." పళ్ళు తోముకుంటారా అని అడిగితే చెప్పినట్టు చెప్పారు.

"మరి ఆవిడ అడిగితే మందేమీ రాయట్లేదన్నారేంటి?"

"ఇది మందేంటే? ఇంటి నుంచొచ్చింది."

నేను బాత్రూం గడప మీదే కూర్చుండిపోయాను. తీసిన ముక్కలన్నీ ఆయన ముస్తాబు చేసి ఇచ్చినవే. చుట్టాలొస్తున్నారని ఇల్లు ఊడ్చి ముగ్గేసినట్టు, డాక్టరు చూస్తుందని రోగాన్ని శుభ్రంగా తుడిచి పెట్టారు. ఫోన్ తీసి డాక్టర్ అనమ్‌కి చేశాను. ఆవిడ అంతా వింది.

"ఈరోజు రావద్దు సిస్టర్. నెల రోజులు ఏ ట్యూబూ ముట్టుకోవద్దు. మరీ మండితే కొబ్బరినూనె, అంతే. ఆ చర్మం ఎలా ఉంటే అలాగే నాకు కావాలి. ఆయన్ని నా కోసం అందంగా తయారవ్వొద్దని చెప్పండి" అంది. ఆ గొంతులో కోపం లేదు. నాకైతే కోపం తప్ప ఇంకేమీ లేదు.

ఆ నెల జూన్ నెల. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, లోపల మా ఆయన ఒళ్ళు నిప్పులు చెరుగుతోంది. ట్యూబు ఆపిన వారానికల్లా మచ్చలు పైకి లేచాయి. లేతగా ఉన్నవి ముదురు ఎరుపెక్కాయి, లేవనుకున్న చోట కొత్తవి బయటపడ్డాయి. గోడౌన్ నుంచి వచ్చి తడిగుడ్డ నడుం మీద వేసుకుని సోఫాలో బోర్లా పడుకునేవారు. చర్చిలో పాటలు పాడే గుంపులో ఆయనదే పెద్ద గొంతు. ఆ నెలంతా ఆరాధనకి రానన్నారు. పాడుతూ గోక్కుంటే దేవుడు ఏమనుకోకపోయినా జనం అనుకుంటారట.

"నువ్వు నర్సువా, పోలీసువా?" అన్నారొక రోజు. నేను గడ్డం సంచి వెతుకుతుంటే చూశారు. "ఒక్కసారి రాస్తే ఏమవుద్ది?"

"ఒక్కసారి రాస్తే నెలంతా మళ్ళీ మొదటికొస్తుంది."

"నీకు నా మీద కన్నా ఆ రోగం మీద ప్రేమ ఎక్కువైంది. దాన్ని పెంచి పోషిస్తున్నావ్."

వంటింట్లోకి పోయి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

ఆ ఆదివారం మా అత్తగారు ఫోన్ చేశారు. ఈయన చెప్పేశారన్నమాట.

"ఏమ్మా దయా, బిడ్డని ట్యూబు రాసుకోనివ్వట్లేదంటగా? గోకి గోకి చావమంటావా?"

"అత్తమ్మా, ఆ ట్యూబు వల్లే రోగం దొరకట్లేదు."

"దొరక్కపోతే లేనట్టే కదే! లేనిదాన్ని పట్టుకుని ఎతుకుతావేంటి?"

ఫోను మా ఆయన చేతిలో పెట్టేసి వచ్చేశాను. నాకు అందరి మీదా కోపంగా ఉంది. తామర అన్నవాడి మీద, నవ్వినవాడి మీద, గాలిలో ఉంటుందన్నవాడి మీద, ట్యూబులిచ్చే షాపువాడి మీద. అందరికంటే ఎక్కువగా, శుభ్రంగా కనిపించాలని తాపత్రయపడి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్న ఈ మనిషి మీద. అలాంటి మనిషి సోఫాలో బోర్లా పడుకుని దిండు కొరుకుతుంటే కొబ్బరినూనె రాస్తూ కూర్చునేదాన్ని. కోపం ఉన్నా చేతులు మెత్తగానే రాసేవి.

నెల గడిచాక వెళ్ళాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. దాని కింద ఒళ్ళు మాత్రం ఎలా ఉందో అలాగే ఉంది. డాక్టర్ అనమ్ చొక్కా ఎత్తి చూసి, "షుక్రియా ప్రేమరాజ్ సాబ్" అంది. ఆయన తల దించుకుని గోడవైపు తిరిగారు. రెండు చోట్ల ముక్కలు తీసింది. రక్తం తీసింది, మెడకిందా చంకల్లోనూ బిళ్ళలేమైనా కట్టాయేమోనని వేళ్ళతో తడిమి చూసింది.

ఫలితం వచ్చిన రోజు మమ్మల్ని ఇద్దర్నీ కూర్చోబెట్టి పేరు చెప్పింది. మైకోసిస్ ఫంగాయిడిస్. పేరు వింటే బూజు రోగంలా ఉంటుంది కానీ కాదు, అది చర్మంలో చేరే తెల్ల రక్తకణాల కాన్సరు అని చెప్పింది. నెమ్మదైనదట. ఇంకా మొదటి మెట్టు మీదే ఉందట, రక్తంలోకి పోలేదట. పూర్తిగా పోతుందని మాటివ్వలేనని, కానీ అణిచిపెట్టుకుని ఏళ్ళూ పూళ్ళూ మామూలుగా బతకొచ్చని, ముందు వెలుగుతో వైద్యం మొదలుపెడదామని చెప్పింది. మా ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా కూర్చున్నారు.

"ఏమైనా అడగాలా?" అంది ఆవిడ.

బతుకుతానా అని అడుగుతారనుకున్నాను. ఎలీనా పెళ్ళి చూస్తానా అని అడుగుతారనుకున్నాను.

"మేడమ్, యే అత్తర్ సే నహీ ఆయా?" అన్నారు, ఇది అత్తరు వల్ల రాలేదా అని.

"నహీ. అత్తర్ సే కోయీ తాల్లుక్ నహీ." అత్తరుకీ దీనికీ సంబంధమే లేదంది.

ఆయన జేబులోంచి మడత నలగని రుమాలు తీశారు. మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరిపోయేలా ఏడ్చారు. కాన్సరు అన్నప్పుడు చెక్కుచెదరని మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే ఆయన తల నా భుజానికి ఆనించుకుని నేను కూడా ఏడ్చాను. డాక్టర్ అనమ్ కంప్యూటర్ వైపు తిరిగి ఏదో కొడుతూ కూర్చుంది.

దేవేందర్‌కి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. వాడు సంబరపడి ముదీర్ దగ్గరికి పరిగెత్తాడు. మర్నాడు ఫోన్‌లో వాడి గొంతు వేలాడిపోయింది.

"కౌంటర్ మీద కొత్తోన్ని వెట్టిండు వదినా. ఇప్పుడు ఆన్ని తీసెయ్యలేను అంటుండు. సీజన్ అయినంక సూద్దామంటుండు. నేను కొట్లాడిన. ఖలాస్, మాట్లాడకు అన్నడు."

వైద్యం మొదలైంది. మనిషి పొడుగున ట్యూబులైట్లు బిగించిన ఒక పెట్టె. కళ్ళకి నల్ల అద్దాలు పెట్టుకుని, ఒంటి మీద దాదాపు ఏమీ లేకుండా అందులో నిలబడాలి, వారానికి మూడుసార్లు. ఊరంతా ఎండని తప్పించుకుని నీడ వెంబడి నడిచే కాలంలో మా ఆయన అపాయింట్‌మెంటు తీసుకుని మరీ వెలుగులో నిలబడి వచ్చేవారు. "లోపల చొక్కా లేకుండా నిలబడితే భలే సిగ్గేస్తుందే" అనేవారు. కొన్నాళ్ళకి దురద తగ్గింది. సోఫాలో కూర్చుని కూనిరాగం తీయడం విన్నాను.

ఒక సాయంత్రం స్టూలు ఎక్కి బీరువా పైనుంచి చున్నీ మూట దించాను. విప్పి సీసా ఆయన చేతిలో పెట్టాను. మూత తీయకుండానే దాన్ని వెలుతురుకి పెట్టి చూశారు, ఎంత మిగిలిందో. మూత తీసి కళ్ళు మూసుకున్నారు. మూతకున్న పుల్ల ముంచి మణికట్టు దాకా తెచ్చి ఆగిపోయారు.

"రేపు లైటు ఉంది కదే" అన్నారు.

నిజమే. లైటు పడే ఒంటి మీద ఏదీ ఉండకూడదని, సెంటు అసలే వద్దని, వెలుగు తగిలితే కమిలిపోతుందని అక్కడి నర్సు మొదటిరోజే చెప్పింది. అత్తరు వల్ల రోగం రాలేదు, అయినా అత్తరు పూసుకోవడానికి లేదు. ఎవరి మీద అరవాలో తెలియక నేను ఆ చున్నీనే మడతపెట్టి మళ్ళీ మడతపెట్టాను.

"ఇలా రా" అన్నారు ఆయన.

వెళ్ళాను. చెయ్యి చాపమన్నారు. నా మణికట్టు తన అరచేతిలో పెట్టుకుని, పుల్లతో సన్నగా గీశారు.

"కోపంగా నడిచేవాళ్ళకి ఊద్ అత్తరు పనికిరాదు మేడమ్, ఇంకా మండిపోతారు. వాళ్ళకి గులాబీ" అన్నారు, కౌంటరు మీద ఉన్నప్పటి గొంతుతో. "నీకు లైటు లేదుగా. నువ్వుంచుకో."

మర్నాడు క్లినిక్కులో మా హెడ్ సిస్టర్ నా పక్కన నిలబడి ముక్కు ఎగబీల్చింది. డ్యూటీలో సెంటు పూసుకోకూడదని రూలు, ఆ సంగతి నాకూ తెలుసు.

"దయా, ఏంటీ వాసన?"

"మా ఇంటి వాసన సిస్టర్" అన్నాను.

వెళ్ళి కడుక్కుని రమ్మంది. కుళాయి దాకా వెళ్ళాను. నీళ్ళు విప్పి, ఆ చెయ్యి మాత్రం వెనక్కి పెట్టుకుని, కాసేపు నిలబడి వచ్చేశాను.